పల్లెవెలుగు ఎక్కి శ్రీకాకుళం చూడాలంటే

మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా ఒకటే వరస. పొద్దున్నే అరసవల్లి, అటునుంచి అటే శ్రీకూర్మం, ఇంటికొచ్చి భోజనం, సాయంత్రం రైలు. "ఇంకేముంది వదినా ఇక్కడ చూడ్డానికి?" అంటుంది. మొదట్లో నాకూ ఏం చెప్పాలో తోచేది కాదు. ఆమదాలవలసలో పుట్టి, ఈ జిల్లాలోనే నాలుగు మండలాల్లో టీచరుగా పనిచేసిన దాన్ని, శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు మొదటిసారి చూసింది నలభై రెండో ఏట. అప్పటినుంచి రెండో శనివారం వచ్చిందంటే మా తోటికోడలు, నేను సంచీ సర్దుకుని బస్సెక్కేస్తున్నాం. ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అంటాను. మాకు కారు లేదు. ఉన్నా తీసుకెళ్ళం, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

రైల్లో వచ్చేవాళ్ళు 'శ్రీకాకుళం రోడ్' అని బోర్డు కనబడగానే ఊరొచ్చేసిందనుకోకండి. అది ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి బస్సో ఆటోనో ఎక్కి టౌనుకి రావాలి. బస టౌన్లోనే పెట్టుకోండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి (బస్టాండుకి) నడిచి వెళ్ళేంత దూరంలో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబరు అంటే మాకు తుపాను టెన్షన్. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లా ఉత్తరాన ఉన్న తోటల ప్రాంతం ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడిపోయిన తీరు చూసినవాళ్ళు ఆ నెలలో ఎవరినీ రమ్మని పిలవరు. ఏప్రిల్, మే నెలల్లో ఎండని భరించొచ్చు గానీ ఉక్కపోతని భరించలేం.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళకి టికెట్‌కి డబ్బు లేదు. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుంటే చాలు. డబ్బు లేదు గనక సీటూ లేదు! అందుకని మొదటి బస్సుకే వెళ్ళండి. దిగేటప్పుడు తిరుగు బస్సు ఎన్నింటికని ఇద్దరిని అడగాలి: కండక్టర్ని, స్టాపు దగ్గర టీ కొట్టతన్ని. కండక్టరు చెప్పేది రావాల్సిన టైము, టీ కొట్టతను చెప్పేది వచ్చే టైము. రోజుకి రెండు ఊళ్ళకి మించి పెట్టుకోవద్దు. మూడోది పెట్టుకున్న రోజల్లా మేము మూడూ సరిగ్గా చూడలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, వంశధార సముద్రంలో కలిసేచోట. అక్కడినుంచి నదికి ఎదురెళ్ళినట్టు ఒక్కో ఊరూ చూసుకుంటూ పోవచ్చు. కళింగపట్నం బస్సెక్కండి. ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు, ఇప్పుడు లైట్‌హౌస్, ఇసుక, పడవలు. పావుగంట నిలబడి, ఎండెక్కకముందే ఆటో మాట్లాడుకుని శాలిహుండం వెళ్ళిపోండి. అయిదు కిలోమీటర్లే. వెయిటింగుతో కలిపి ముందే బేరమాడుకోండి, ఎందుకంటే కొండ కింద వేరే ఆటో దొరకదు.

కొండ చిన్నదే గానీ నీడ తక్కువ. గొడుగు, నీళ్ళు, పాత చెప్పులు. పైన ఇటుకల స్తూపాలు, చైత్యాల పునాదులు అంచెలంచెలుగా కనిపిస్తాయి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి వెయ్యేళ్ళకు పైగా ఇక్కడ బౌద్ధులున్నారు. అక్క ఒక ఇటుక మీద అరచెయ్యి పెట్టి చూసింది. చెయ్యి మొత్తం పరిచినా ఇటుక ఇంకా మిగిలింది. "మన ఇంటికి తెచ్చిన ఇటుకలు దీనిలో సగం లేవే" అని మేస్త్రీని తిట్టుకుంది. అక్కడ కూచుంటే కింద వంశధార ఇసుకల మధ్య సన్నగా కనిపిస్తుంది, వానాకాలం తర్వాతైతే నిండుగా. మ్యూజియంలో బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు ఉన్నాయి. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న, ప్రతి ఏడూ బడిలో తెలుగు భాషా దినోత్సవం చేయించే నాకు, ఈ ముక్క కొండ ఎక్కేదాకా తెలియదు. పిల్లలతో చెప్పించే ఉపన్యాసంలో ఆ తర్వాత నుంచి ఇది చేర్చాను.

మర్నాడు శ్రీముఖలింగం. ఇక్కడ మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. నరసన్నపేటలో తీరిగ్గా టిఫిన్ చేసి, సంత చూసి, ముఖలింగం చేరేసరికి పన్నెండున్నర. గుడి మూసేశారు. మళ్ళీ తెరిచేదాకా అరుగు మీద కూచుని పులిహోర తిన్నాం. అదే మంచిదైంది, ఎలాగంటే ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరాలయానికి తాళంతో పనిలేదు. చూడాల్సిన శిల్పం అంతా బయటి గోడల మీదే. మండపం లేకుండా ఒంటరిగా నిలబడ్డ గుడి. మొదటిసారి చుట్టూ తిరిగితే దేవుళ్ళు కనిపిస్తారు, రెండోసారి తిరిగితే ద్వారం పక్కన చెక్కిన లతలు, వాటి మధ్య దూరిన చిన్నచిన్న మనుషులు కనిపిస్తారు. పొద్దున్న ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చూస్తేనే ఆ చెక్కడం తెలిసేది. మిట్టమధ్యాహ్నం అంతా ఒకే రాయిలా ఉంటుంది.

ఇక పెద్ద గుడి మధుకేశ్వరుడిది. మధుకం అంటే ఇప్పచెట్టు, స్వామి ఆ చెట్టు మొదట్లో వెలిశాడని కథ. ఒకప్పుడు కళింగని ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు చూస్తే ధాన్యం ఆరబోసుకునే పల్లెటూరు. గర్భగుడిలో లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. మొక్కుకున్న కుమ్మరి దాన్ని చేసి తెస్తే గుమ్మంలో పట్టలేదట, అతను ఏడుస్తూ వెళ్ళిపోతే స్వామే లోపలికి తీసుకున్నాడట. పూజారిగారిని అడిగితే దీపం పట్టి చూపిస్తారు. శివరాత్రికి మాత్రం వెళ్ళకండి. చక్రతీర్థ స్నానాలకి వంశధారలో జనం ఇసకేస్తే రాలనట్టు ఉంటారు. భక్తికైతే వెళ్ళండి, శిల్పం చూడ్డానికి కాదు.

వాన పడిందంటే మా మూడో రోజు పొందూరు. అన్నీ ఇంటిలోపల చూసేవే గనక గొడుగు మడిచి పెట్టుకోవచ్చు. పొందూరు ఖద్దరు పేరు వినే ఉంటారు, చేప దవడతో పత్తి దువ్వుతారని కూడా వినే ఉంటారు. నేను నమ్మలేదు, చూసేదాకా. వాలుగ చేప దవడ ఎముక. ఒక మామ్మగారు నా చేతిలో పెట్టారు. వేలెడంత ఉంది, అంచున పళ్ళు ఎంత సన్నమంటే కంటికి కనబడే ముందు వేలికి తగిలాయి. పత్తికాయలోంచి తీసిన దూదిని గింజతోనే ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఆ దవడతో నెమ్మదిగా లాగుతారు. నలక ఒళ్ళో రాలిపోతుంది, పోగులన్నీ ఒకే వైపుకి తల దువ్వినట్టు పడుకుంటాయి. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచుకోవడం, రాట్నం మీద వడకడం. "ఇనప దువ్వెనైతే తొందరగా అవదా మామ్మా?" అనడిగాను. "అవుద్ది. పోగు తెగిపోతాదమ్మా" అన్నారు, తలెత్తకుండానే.

ఇలాంటి ఇళ్ళకి వెళ్ళేటప్పుడు ఒక మర్యాద ఉంది. ఫోను తీసి మొహం మీద పెట్టకండి. ముందు కింద కూచోండి, రెండు మాటలు మాట్లాడండి, ఆ తర్వాత ఫొటోకి అడగండి. పనిగంటలు పాడు చేశాం గనక ఏదైనా కొనండి, చేతిరుమాలైనా సరే. బేరం ఆడొద్దు. ఆ పోగు వడికినవాళ్ళని చూశాక నోరు ఎలాగూ రాదు.

పక్షులంటే ఇష్టమైతే టెక్కలి వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో తేలినీలాపురం. పెలికాన్లు (మావాళ్ళు గూడబాతులంటారు), రంగు కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. చెట్లు జనం ఇళ్ళ మధ్యనే ఉన్నాయి. రెట్ట వాసన ఘాటుగానే ఉంటుంది, అయినా పక్షులొస్తే ఊరికి మంచిదని ఎవరూ రాయి విసరరు. సెప్టెంబరు నుంచి మార్చిలోపు వెళ్ళాలి. నేనొకసారి మే సెలవుల్లో మా తమ్ముడి పిల్లల్ని ఊరించి ఊరించి తీసుకెళ్ళాను. చెట్లున్నాయి, రెట్టలున్నాయి, పక్షి ఒక్కటీ లేదు. వాళ్ళు ఇప్పటికీ నన్ను 'పక్షుల అత్త' అని ఏడిపిస్తారు.

ఒక పూట మిగిలితే టెక్కలి దగ్గరి నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ వెళ్ళే రైలెక్కండి. మా నాన్న చిన్నప్పుడు అది బుల్లి పట్టాల బండి. 1900లో పర్లాకిమిడి దాకా వేసి, 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. నడుస్తున్న బండి దిగి, జీడిమామిడి పండు కోసుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళమని ఆయన చెప్పేవారు. సగం నమ్మొచ్చు. 2004లో ఆపేసి, పెద్ద పట్టాలు వేసి 2011లో మళ్ళీ నడిపారు. పాతపట్నంలో దిగితే నీలమణి దుర్గమ్మ గుడి, ఇంకో అడుగేస్తే ఒడిశా. అక్కడ బజార్లో ఒకే వాక్యంలో తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి.

ఉద్దానం వైపు, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. జీడితోటల్లోకి పొద్దువాలాక అడుగుపెట్టకండి, ఎలుగుబంట్లు వస్తాయి. కథ కాదు, మనుషులు పోయారు. సీతంపేట, భామిని వైపు కొండల్లో అడవి ఏనుగుల గుంపు తిరుగుతూ ఉంటుంది. ఆ రోజు ఎటున్నాయో బస్సులోనే అడిగితే చెప్పేస్తారు, వాళ్ళకి అది వాతావరణ వార్తలాంటిది. సీతంపేట 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, పాత మ్యాపులు చూసి తికమకపడకండి. మందస పైనున్న మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు, ఒడిశాలోకి వస్తుంది. దానికి జీపు, గట్టి మోకాళ్ళు కావాలి. అక్క మోకాళ్ళ దయవల్ల మేమింకా వెళ్ళలేదు.

ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడే సంగతి కూడా చెప్పేస్తాను. పల్లెల్లో మరుగుదొడ్డి వెతుక్కోవద్దు. బస్సు మారేచోట, అంటే నరసన్నపేట, టెక్కలి, పలాసల్లో, బస్టాండులోనో హైవే మీది పెట్రోలు బంకులోనో పని కానిచ్చుకుని అప్పుడు లోపలి బస్సెక్కండి.

చివరిగా, ఆఖరి బస్సు. ముఖలింగం వెళ్ళిన ఆ మొదటిసారే మేము శిల్పాలు చూస్తూ దాన్ని పోగొట్టుకున్నాం. నరసన్నపేట దాకా ఆటో అతను నాలుగొందలు అడిగాడు. చీకటి పడిపోయింది, ఇచ్చేశాం. అప్పటినుంచి ఆటో కోసమని ఒక అయిదొందల నోటు మడిచి ఆధార్ కార్డు వెనక పెట్టుకుంటున్నాను. రెండేళ్ళు దాని జోలికి పోలేదు. మొన్న మందసలో కోవా కొట్టు ముందు అక్క నా పర్సు వైపు చూసింది. వాళ్ళు పాలు మరగబెట్టి మరగబెట్టి అప్పుడే దించారు, ఇంకా వేడిగా ఉంది. తిరుగు బస్సు టైముకే వచ్చింది లెండి.