చలికాలంలో ఉష్ణమండల బోన్సాయ్‌లు: ఎప్పుడు లోపలికి, ఎంత నీరు

మేపుల్, పైన్ వంటి చెట్లు పగటి పొద్దు తగ్గుతున్నప్పుడే చలికి తయారవుతాయి. కణాల్లో చక్కెరలు పెంచుకుంటాయి. ఉష్ణమండల చెట్లైన మర్రి, రావి, చింతలకు ఆ ఏర్పాటు లేదు. మంచు కురవకపోయినా, వరసగా కొన్ని రాత్రులు 10 డిగ్రీల దిగువకు పోతే చాలు, ఆకులు మచ్చలు పడి రాలిపోవచ్చు. పైగా బోన్సాయ్‌ను, అంటే పొట్టిగా పెంచే చెట్టును, ఉంచే 4, 5 సెంటీమీటర్ల లోతున్న తొట్టిలో మట్టి గాలితోపాటే చల్లబడుతుంది.

కనిష్ఠ ఉష్ణోగ్రతను గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి తొట్టి పక్కనే, అదే ఎత్తులో ఉంచండి. వాతావరణ సూచనను నమ్ముకుంటే చాలదు. గాలి ఆడని నిర్మలమైన రాత్రి ఆకాశం కింద ఉన్న ఆకులు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడతాయి. అలాంటి రాత్రి పైకప్పు కిందికి జరిపినా మేలే.

ఫుకియన్ టీ అనే చిన్నాకుల మొక్కను రాత్రి వేడి 15 డిగ్రీలకు రాగానే లోపలికి తీసుకోండి. ఫైకస్‌లకు (మర్రి, రావి జాతి చెట్లకు) 12, అడీనియంకు (ఎడారి గులాబీకి) 10. కాగితపు పూల చెట్టు, మందపాటి ఆకుల జేడ్ మొక్క 5 వరకు ఆగుతాయి, కానీ మట్టి పొడిగా ఉంటేనే. జేడ్ ఆకుల నిండా నీరే కాబట్టి గడ్డకడితే మెత్తబడి కుళ్ళుతుంది.

చలికంటే నీళ్ళవల్ల చచ్చేవే ఎక్కువ. చల్లటి మట్టిలో వేర్లు నీటిని సరిగా పీల్చలేవు, ఆకులు వాడతాయి. దాహమనుకుని మళ్ళీ పోస్తారు, వేర్లు కుళ్ళుతాయి. 2 సెంటీమీటర్ల లోతుకు పుల్ల గుచ్చి చూడండి. తడిగా వస్తే ఆగండి. పోసేదేదో పొద్దున్నే, గోరువెచ్చని నీళ్ళతో పోయండి. ఆకులు రాల్చిన అడీనియంకు నీళ్ళు దాదాపు మానేయండి.

లోపల కిటికీ దగ్గర పెట్టండి, కానీ రాత్రి ఆకులు అద్దానికి తగలకూడదు. వెలుతురు చాలకపోతే ఎల్ఈడీ దీపం 30 సెంటీమీటర్ల ఎత్తున, రోజుకు 12 నుంచి 14 గంటలు. హీటరు గాలి నేరుగా తగిలితే ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే అతిచిన్న పురుగు) పట్టే ప్రమాదం ఎక్కువ, ఆకుల అడుగున చూస్తుండండి. బెంజమినా ఫైకస్ చోటు మారగానే ఆకులు రాలుస్తుంది. కంగారుపడి ఇంకోచోటికి మార్చకండి. కుండీ మార్చడం, ఆకులు దూయడం, గట్టి కత్తిరింపు ఈ కాలంలో వద్దు. ఎదుగుదల ఆగితే ఎరువూ ఆపండి.

చలి కొట్టిన చెట్టును వెంటనే కత్తిరించకండి. ఎంతవరకు ఎండిందో అప్పుడే తెలియదు. కొన్ని వారాలాగి బెరడును గోటితో గీకండి: పచ్చగా ఉంటే ప్రాణముంది, గోధుమరంగైతే ఇంకాస్త కిందికి వచ్చి గీకండి. రాత్రులు 15 దాటి నిలిచాక, పచ్చదనం మొదలైన చోటికి కొంచెం పైన కోయండి. బయటికి తెచ్చాక వారం పది రోజులు నీడలో ఉంచకపోతే, లోపల పుట్టిన లేతాకులు ఎండకు మాడతాయి.