సీలింగ్ స్పీకర్ల ప్లస్, మైనస్ తేల్చడానికి ఒక్క పెన్సిల్ సెల్

సీలింగ్‌లో రెండు స్పీకర్లు బిగించాక బాస్ పలచగా వినిపించింది. రెండింటికీ మధ్యలో నిలబడితే పాట ఎటు నుంచి వస్తోందో కూడా తెలియలేదు. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారై ఉంటాయని అనుమానం. వైరు రెండు పోగులూ ఒకే రంగు, స్పీకర్లన్నీ దించి చూసే ఓపిక లేదు.

ముందు యాంప్ (స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్) ఆపేసి, దాని వెనక నుంచి స్పీకర్ వైర్లు పూర్తిగా తీసేయండి. స్పీకర్ గ్రిల్ ఊడదీసి ఒకరు కోన్‌ని, అంటే శబ్దం పుట్టించే గరాటు లాంటి పొరని చూస్తూ ఉండాలి (నిచ్చెన పట్టుకోవడానికి ఇంకొకరుంటే మంచిది). 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని, మీరు ప్లస్ అనుకుంటున్న పోగుని సెల్ ప్లస్‌కి, రెండోదాన్ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించి తీసేయండి. టప్‌మని చిన్న శబ్దం వస్తుంది. కోన్ గదివైపు, అంటే కిందికి కదిలితే అనుకున్నది సరైనదే. పైకి లోపలికి పోతే ఆ పోగులు తిరగబడ్డాయి. యాంప్ దగ్గరే మార్చి, ప్లస్ పోగుకి టేప్ ముక్క చుట్టేయండి. నాకైతే రెండో స్పీకరే తేడా.

సెల్ అలాగే ఆనించి ఉంచకండి, స్పీకర్ లోపలి తీగచుట్ట (కాయిల్) వేడెక్కుతుంది. 9 వోల్టుల బ్యాటరీ వద్దు. 70 లేదా 100 వోల్టుల లైన్ స్పీకర్లకి (షాపులు, హాళ్లలో ఒకే లైన్‌కి చాలా కలిపేవి) మాత్రం ఈ పద్ధతి నమ్మలేం. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డుంటుంది, కోన్ సరిగా కదలదు.