పిల్లలతో రాష్ట్రం దాటే ముందు

మే, జూన్ నెలల్లో అమెరికాలో బడులు మూతపడతాయి. ఉద్యోగం మారేవారు, అక్కచెల్లెళ్ల ఇళ్లకు వెళ్లేవారు, ఇండియాకు టికెట్లు కొనేవారు అప్పుడే బయలుదేరతారు. పోయిన వేసవిలో నాకు తెలిసిన ఒక తల్లికి జరిగింది చూశాక, ఈసారి ముందే రాస్తున్నాను.

బడిలో టీచరు పిల్లవాడి వీపు మీద వాత చూసింది. ఫిర్యాదు వెళ్లింది. పిల్లల సంక్షేమ విభాగం వారు ఇంటికి వచ్చి చూసి కోర్టులో కేసు వేశారు. ఆమె పిల్లవాడిని తీసుకుని టెక్సస్‌లో అక్క ఇంటికి వెళ్లిపోయింది. "అక్కడి కేసు అక్కడే ఆగిపోతుంది కదా అక్కా" అని నాతో అంది. ఆగలేదు. వాయిదాకు వెళ్లకపోవడంతో ఆమె పరోక్షంలోనే ఆదేశం వచ్చింది, టెక్సస్‌లో అది అమలైంది. పిల్లవాడు వెనక్కి వెళ్లాడు, ముక్కూ మొహం తెలియని వారి ఇంటికి. మొదటి ఫిర్యాదుకు ఆమె దగ్గర మంచి జవాబే ఉంది. దాన్ని వినే అవకాశమే ఆమె కోర్టుకు ఇవ్వలేదు.

లాయరును పెట్టుకోండి, కాగితాలు దాచుకోండి అని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే: మీరు ఊరు మారినంత మాత్రాన కోర్టు మారదు.

ఆరు నెలల లెక్క

బిడ్డ కస్టడీ కేసు ఏ రాష్ట్ర కోర్టు వినాలో చెప్పే, 1997లో రూపొందించిన ఏకరూప చట్టాన్ని యూసీసీజేఈఏ అంటారు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. కస్టడీ అన్న మాట చూసి ఇది విడాకుల గొడవ అనుకుంటారు. పిల్లలపై హింస, నిర్లక్ష్యం, సంరక్షకత్వం, తల్లిదండ్రుల హక్కుల రద్దు, ఇవన్నీ దీని కిందికే వస్తాయి.

కేసు వేసిన రోజుకు ముందు వరుసగా కనీసం ఆరు నెలలు బిడ్డ తల్లితోనో తండ్రితోనో ఏ రాష్ట్రంలో ఉంటే అది హోమ్ స్టేట్, కేసు వినే మొదటి హక్కు అక్కడి కోర్టుదే. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు పుట్టినప్పటి నుంచి ఉన్న రాష్ట్రం. మధ్యలో నెల రోజులు అమ్మమ్మ ఇంటికి వెళ్లి వచ్చినా లెక్క తెగదు. బిడ్డ వెళ్లిపోయినా తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉంటే, మరో ఆరు నెలల దాకా పాత రాష్ట్రానిదే మొదటి హక్కు. ఒకసారి కస్టడీ ఆదేశం ఇచ్చాక తల్లీ తండ్రీ బిడ్డా అందరూ ఆ రాష్ట్రం వదిలే దాకా, లేదా ఆ కోర్టే ఇక మాకు సంబంధం లేదనే దాకా అధికారం దానిదే.

నిజంగా ప్రమాదముంటే

ఇంట్లో కొడుతున్నారా? ముందు బయటపడండి. బిడ్డ ఉన్న చోటి కోర్టు అత్యవసరంగా రక్షణ ఆదేశం ఇవ్వగలదు. ముప్పు తల్లికో తోబుట్టువుకో ఉన్నా సరే. అయితే అది తాత్కాలికం. మరో రాష్ట్రంలో అప్పటికే కేసు ఉంటే ఇద్దరు జడ్జిలూ వెంటనే మాట్లాడుకోవాలి, ఆదేశానికి గడువు పెట్టాలి. ఆ గడువులోగా మీరు పాత కోర్టుకు వెళ్లాలి. చాలామంది వెళ్లరు. మళ్లీ అదే తప్పు.

ఇండియా ప్రయాణం

ఈ చట్టం పరాయి దేశాన్నీ ఒక రాష్ట్రంగానే లెక్కిస్తుంది. బిడ్డ ఏడాదిగా హైదరాబాదులో చదువుతుంటే ఇండియానే హోమ్ స్టేట్ కావచ్చు. సెలవులకని తీసుకెళ్లి అక్కడే ఉంచేయడం వేరు. దేశం దాటించిన పిల్లలను వెనక్కి పంపించే హేగ్ అంతర్జాతీయ ఒప్పందంలో ఇండియా లేదు కాబట్టి ఏమీ కాదని ధైర్యం చెప్పే బావగారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. తల్లిదండ్రుల్లో రెండో వారి హక్కుకు అడ్డుపడాలని పదహారేళ్లలోపు బిడ్డను అమెరికా దాటిస్తే 1993 నాటి ఫెడరల్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. ఆ శిక్ష బావగారికి పడదు.

ఇక మిగిలినవి

వాయిదాకు వెళ్లండి. దూరమైతే ఫోనులోనో వీడియోలోనో హాజరయ్యే అనుమతి అడగండి, మానకండి.

చిరునామా మారితే పాత కోర్టుకు తెలపండి. భయం ఉంటే దాన్ని రహస్యంగా ఉంచమని అడగండి.

గత ఐదేళ్లలో బిడ్డ ఎక్కడెక్కడ, ఎవరి దగ్గర ఉన్నదీ కోర్టుకిచ్చే ప్రమాణపత్రంలో రాయాలి. అక్క ఇంట్లో గడిపిన మూడు నెలలూ అందులో ఉండాలి.

వేరే కేసు ఉందని కొత్త కోర్టు దగ్గర దాచకండి.

ఇద్దరం ఒప్పుకున్నాం, డల్లస్‌లోనే తేల్చుకుందాం అనకండి. లేని అధికారం మీ ఒప్పందంతో పుట్టదు. ఏడాది నడిచాక కూడా కొట్టేస్తారు.

సాక్షులు, బడి, డాక్టరు అంతా కొత్త ఊళ్లోనే ఉన్నారా? ఆ మాట పాత కోర్టుకే చెప్పి కేసు వదులుకోమని అడగండి.

బిడ్డ ప్రభుత్వ అదుపులోకి వెళ్లాక వేరే రాష్ట్రంలోని పెద్దమ్మ ఇంటికి పంపమంటే ఊరికే పంపరు. ఐసీపీసీ అనే, రాష్ట్రాల మధ్య 1960 నాటి ఒప్పందం ప్రకారం పెద్దమ్మ ఉండే రాష్ట్రం ఇల్లు పరిశీలించి రాతపూర్వకంగా సరే అనాలి. నెలలు పట్టవచ్చు. మొదటి వాయిదాలోనే అడగండి.

అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. తెలుగు దుబాసీని అడగండి.

ప్రమాదమేమీ లేనప్పుడు, కేసు నడుస్తుండగా రాత్రికి రాత్రే కారెక్కకండి.

ఇప్పటికే ఎక్కేశారా? ఈ రోజే పాత కోర్టు గుమాస్తాకు ఫోను చేసి మీ కేసు నంబరు, తరువాతి వాయిదా తేదీ కనుక్కోండి.