బేస్ గిటార్ కొనేముందు: అరువు తెచ్చుకున్నదాన్ని వాయించి చూడటం ఎలా?

షాపులో పది నిమిషాలు వాయించి బేస్ గిటార్ ఎంచుకోవడం కొత్తవాళ్లకు అయ్యే పని కాదు. పక్కన ఎవరో డ్రమ్స్ మోగిస్తుంటారు, సేల్స్ కుర్రాడు మన చేతుల వంకే చూస్తుంటాడు, ఆ టెన్షన్‌లో వచ్చిన నాలుగు నోట్లు కూడా మరిచిపోతాం. అంతకన్నా తెలిసినవాళ్లని అడిగి కొన్నాళ్లు ఇంటికి తెచ్చుకోవడం మేలు. మన దగ్గర బేస్ దొరికే చోట్లు ఎలాగూ తక్కువే: చర్చి క్వయర్, కాలేజీ బ్యాండ్, పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా. చాలా చర్చిల్లో ఆదివారం ఆరాధన అయిపోయాక బేస్ మళ్లీ వారం దాకా కేసులోనే ఉంటుంది. మర్యాదగా అడిగితే ఇచ్చే అన్నయ్య ఎవరో ఒకరు ఉంటారు.

తెచ్చుకున్నాక మాత్రం "ఈ బేస్ బాగుందా, లేదా" అని చూడకండి. కొనేది దీన్ని కాదు కదా! ఎక్కడైనా ఇబ్బంది అనిపిస్తే అది ఈ ఒక్క వాద్యం లోపమా, బేస్ అంటేనే అంతా, లేక మన చెయ్యి ఇంకా అలవాటు పడలేదా అన్నది తేల్చుకోవాలి. ఈ మూడూ కలిసిపోతే మంచి బేస్‌ని వద్దనుకోవచ్చు, సరిపడనిదాన్ని కొనేయనూవచ్చు.

1. తెచ్చుకునే రోజే మాట్లాడుకోండి

ఎప్పటికి తిరిగి ఇవ్వాలో, స్ట్రింగ్స్ తెగితే ఏ సైజువి వేయాలో అడగండి. ఉన్న గీతలూ సొట్టలూ కనిపించేలా ఇద్దరి ఎదుటా ఫోన్‌లో ఫొటోలు తీయండి, తర్వాత మొహమాటం ఉండదు. నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ) లోపలి ట్రస్ రాడ్‌ని, అంటే దాని వంపు సరిచేసే ఇనుప కడ్డీని, యజమాని చెప్పకుండా ముట్టుకోవద్దు. వెనక బ్యాటరీ మూత ఉందేమో చూడండి. ఉంటే అది యాక్టివ్ బేస్, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది. మామూలుగా వీటిలో జాక్‌లో కేబుల్ పెట్టి ఉంచినంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాయించడం అయ్యాక కేబుల్ లాగేయాలి.

2. ట్యూన్ చేయండి, తర్వాత వినే దారి చూసుకోండి

లావు తీగ నుంచి సన్న తీగ దాకా వరుస ఇ, ఎ, డి, జి. మామూలు గిటార్‌లోని పై నాలుగు లావు తీగలే, కాకపోతే ఒక స్థాయి (ఆక్టేవ్) కింద. ఇ తీగ దాదాపు 41 హెర్ట్జ్. ఇంత కింది స్వరాన్ని ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఒక్కోసారి పట్టుకోలేక ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు 12వ ఫ్రెట్‌కి (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో పన్నెండోదానికి) సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటండి, వెంటనే వేలు తీసేయండి. ఒక స్థాయి పైన గంటలాంటి సన్నని స్వరం (హార్మోనిక్) పలుకుతుంది, యాప్‌కి అది సులువుగా అందుతుంది. బేస్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ ఉంటే ఈ తంటా చాలావరకు తప్పుతుంది.

ఇంట్లో ఉన్న గిటార్ యాంప్‌కి కలిపితే వాల్యూమ్ బాగా తక్కువలో ఉంచాలి. గట్టిగా పెడితే ఆ స్పీకర్ పాడవొచ్చు. హోమ్ థియేటర్ జోలికి పోవద్దు. చిన్న హెడ్‌ఫోన్ యాంప్ దొరికితే చాలు, రాత్రి పక్కింటివాళ్లకి కూడా ఇబ్బంది ఉండదు. అదీ లేకపోతే బాడీ పై కొమ్ముకి దవడ ఆనించి తీగ మీటి చూడండి. గదిలో ఎవరికీ సరిగా వినపడని స్వరం ఎముక గుండా మీకు స్పష్టంగా తెలుస్తుంది.

3. మీ ఒంటికి సరిపోతుందా?

అసలు పరీక్ష ఇదే, దీనికే ఎక్కువ రోజులు కేటాయించండి.

ముందు స్కేల్, అంటే తీగ మోగే పొడవు, కొలవండి. నట్ (బేస్ తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర నుంచి 12వ ఫ్రెట్ దాకా టేపు పెట్టి, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే చాలు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ 34 అంగుళాలతో వచ్చింది, ఇప్పటికీ ఎక్కువ బేసులది అదే కొలత. షార్ట్ స్కేల్ అంటే 30 అంగుళాలు. పాల్ మెక్‌కార్ట్‌నీ వాయించిన వయొలిన్ ఆకారపు హాఫ్నర్ ఆ కోవదే. ఈ నాలుగు అంగుళాల తేడా చేతికి ఎంత తెలుస్తుందంటే, ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి 34 అంగుళాల బేస్ మీద 13 సెంటీమీటర్లు, షార్ట్ స్కేల్ మీద పదకొండున్నర లోపే.

ఒకటో ఫ్రెట్ దగ్గర వేళ్లు చాలట్లేదని "నా చెయ్యి చిన్నది, బేస్ నాకు పనికిరాదు" అని తేల్చేయకండి. అక్కడ ఫ్రెట్‌కి ఒక వేలు చొప్పున సాగదీయాలన్న రూలేమీ లేదు. చూపుడు వేలు, మధ్య వేలు వాడి, ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ కలిపి ఒక్కటిగా నొక్కండి, కావలసినప్పుడు చెయ్యి మొత్తం జరపండి. పెద్ద డబుల్ బేస్ వాయించేవాళ్లు చేసేది ఇదే. ఇలా కొన్నాళ్లు వాయించాక కూడా మణికట్టు లాగుతుంటే అప్పుడు షార్ట్ స్కేల్ గురించి ఆలోచించండి. వేళ్ల కొసలు మండటం, బొబ్బలెక్కడం మామూలే. తిమ్మిరి, మణికట్టు నొప్పి మామూలు కాదు, అవి వస్తే ఆపేయాలి.

నెక్ వెడల్పు కూడా రాసిపెట్టుకోండి. జాజ్ బేస్ తరహా నెక్‌కి నట్ దగ్గర 38 మిల్లీమీటర్లు ఉంటుంది, ప్రెసిషన్ తరహావి 41 నుంచి 44 దాకా. కాగితం మీద చిన్న తేడాలా ఉంటుంది కానీ బొటనవేలికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక బరువు. నాలుగు కిలోలు అటూ ఇటూగా ఉంటుంది. కూర్చుని వాయిస్తే ఆ సంగతే తెలియదు. స్ట్రాప్ వేసుకుని అరగంట నిలబడి వాయించండి, భుజం మీకే చెబుతుంది. మధ్యలో ఎడమ చేతిని నెక్ కింద కాచుకునేలా పెట్టి పట్టు వదలండి. నెక్ నేల వైపు వాలిపోతోందా? అలా వాలేదాన్ని ఎడమ చెయ్యి రోజంతా మోయాలి. కొనేటప్పుడు ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి. ముందు వెడల్పాటి లెదర్ స్ట్రాప్‌తో ఒకసారి చూడండి, కొంత తగ్గొచ్చు.

4. దేన్ని లోపం అనాలి?

తీగలు మూగగా పలుకుతున్నాయంటే అవి పాతబడి ఉంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. అది తీగల సంగతి, బేస్‌ది కాదు. నొక్కడానికి బలం చాలట్లేదంటే 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ కొలవండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లయితే హాయిగా ఉంటుంది. నాలుగుంటే చేతిని తప్పుపట్టకండి, దానికి సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయించడం) కావాలి. 12వ ఫ్రెట్ నొక్కినప్పటి స్వరమూ అక్కడి హార్మోనిక్కూ కలవకపోతే బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) మీది స్క్రూలతో సరిచేయొచ్చు. జి తీగ మీద 5, 7 ఫ్రెట్ల మధ్య ఒకట్రెండు నోట్లు తొందరగా ఆరిపోతే కంగారు పడొద్దు. ఫెండర్ తరహా నెక్‌లలో, ఖరీదైనవాటిలో కూడా, ఇది కనిపించేదే.

5. పాటతో కలిపి వాయించండి

సరిగమల్లాంటి స్వర వరుసలు (మ్యూజిక్ స్కేల్స్) వాయిస్తూ కూర్చుంటే బేస్ ఇష్టమో కాదో తెలియదు. మీకు నోటికొచ్చిన పాట ఒకటి తీసుకుని, కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారినప్పుడల్లా దాని మూల స్వరం ఒక్కటే కిక్ డ్రమ్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌తో) పాటు పడేలా వాయించండి. ఆ సమయంలో మిగతా మూడు తీగలు మోగకుండా వేళ్లతో ఆపి ఉంచాలి. బేస్‌లో సగం పని ఆ ఆపడమే, గిటార్ నుంచి వచ్చినవాళ్లకి ముందు విసుగు పుట్టించేదీ అదే. ఫోన్‌లో రికార్డ్ చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఫోన్ స్పీకర్‌లో కింది స్వరాలు వినపడవు.

వీలైతే ఒక్కసారైనా డ్రమ్స్ వాయించే స్నేహితుడితో కూర్చోండి. నాలుగు బార్లు (తాళం నాలుగు ఆవర్తాలు) ఒకే నోటు పట్టుకుని ఉండటం బాగుందనిపిస్తే మీరు బేస్ మనిషే. చెయ్యి ఊరుకోక మాటిమాటికీ సన్న తీగల మీదికి పోతుంటే గిటార్ కొనుక్కోవడమే నయం, డబ్బు మిగులుతుంది.

6. తిరిగి ఇచ్చేయండి, కొలతలతో షాపుకి వెళ్లండి

తీగలు పొడి గుడ్డతో తుడిచి, తెచ్చినప్పటి ట్యూనింగ్‌లోనే ఇవ్వండి. యాక్టివ్ బేస్ అయితే కొత్త బ్యాటరీ వేసి ఇవ్వడం మర్యాద.

షాపులో స్కేల్, నట్ వెడల్పు, బరువు మీవి మీరు చెప్పి అడగండి. యాంప్, కేబుల్, స్ట్రాప్ ఖర్చు మొదటే లెక్కలో కలుపుకోండి. ఐదు తీగలది చూపించి "ఒకేసారి ఇదే తీసుకోండి సార్" అంటారు. దానికి ఇ తీగ కన్నా కింది స్వరంలో ఇంకో బి తీగ, నెక్ ఇంకా వెడల్పు. మీ క్వయర్ పాటలు డి, ఇ-ఫ్లాట్ శ్రుతుల్లో ఎక్కువగా ఉంటే అది పనికొస్తుంది, లేకపోతే నాలుగు తీగలే చాలు.

ఇచ్చినాయనే "నీ దగ్గరే ఉంచుకో, ఎంతో కొంత ఇవ్వు" అన్నా వెంటనే ఒప్పుకోకండి. ముందు ఇంకో రెండు బేసులు వాయించి రండి. తర్వాత ఆయన చేతే ట్రస్ రాడ్‌ని రెండు వైపులా కొద్దిగా తిప్పించి చూడండి. అది కదలకపోయినా, అప్పటికే చివరిదాకా బిగిసి ఉన్నా, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.