రికార్డు విందాం – మూడో పాఠం: మొదటి మెషిన్, రెండో ముల్లు

పోయిన పాఠంలో రికార్డులు కడిగి ఆరబెట్టాం. అటక మీద నుంచి దించినవాటికి పట్టిన దుమ్ము, బూజు ఈపాటికి వదిలే ఉంటాయి. ఇక మెషిన్ కొనాలి. కొన్న ఏడాదికో రెండేళ్లకో దాని ముల్లు మార్చాలనిపిస్తుంది. ఆ మార్చే రోజును ఇప్పుడే దృష్టిలో పెట్టుకుని కొనాలన్నదే ఈ పాఠం.

సూట్‌కేసులా మూత తెరుచుకుని, స్పీకర్లు లోపలే ఉండే బొమ్మలాంటి ప్లేయర్లు అందరి కంటా ముందు పడతాయి. చూడముచ్చటగా ఉంటాయి, చవక కూడా. వాటిలో చాలావాటికి సిరామిక్ కాట్రిడ్జ్ ఉంటుంది. కాట్రిడ్జ్ అంటే ముల్లు అమర్చి ఉండే, దాని కదలికను కరెంటుగా మార్చే చిన్న డబ్బీ. ముల్లు గాడి మీద సాధారణంగా 5 గ్రాములకు పైనే బరువు మోపుతుంది. మంచి కాట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. పైగా ఆ బరువు తగ్గించుకునే వీలు వాటిలో ఉండదు. తాతగారి రికార్డుల మీద ప్రయోగాలు వద్దు.

నిజంగా పోల్చి చూడాల్సింది ఇంకో రెండు రకాల్ని. ఆడియో-టెక్నికా వాళ్లవే తీసుకుందాం. ఎల్‌పీ60ఎక్స్ అనే మోడల్‌లో బటన్ నొక్కితే ముల్లును మోసే ఆర్మ్ దానంతటదే లేచి రికార్డు మీద వాలుతుంది, పాట అయ్యాక వెనక్కి వస్తుంది. హాయిగా విందామనుకునేవాళ్లకు అది చాలు. కానీ అందులో ముల్లు అరిగితే అలాంటిదే ఇంకోటి పెట్టుకోవచ్చు తప్ప నచ్చిన కాట్రిడ్జ్ బిగించడం కుదరదు. బరువు సర్దుకునే ఏర్పాటూ లేదు. ఎల్‌పీ120ఎక్స్‌లో ఆర్మ్ వెనక తిప్పే బరువు ఉంటుంది, ముందు కొసన కాట్రిడ్జ్ బిగించే, విప్పదీసే హెడ్‌షెల్ ఉంటుంది, అందులో అర అంగుళం ఎడంగా రెండు స్క్రూల బెజ్జాలుంటాయి. ఆ అర అంగుళం ప్రపంచమంతటా వాడే కొలత కాబట్టి దాదాపు ఏ కంపెనీ కాట్రిడ్జ్ అయినా బిగుస్తుంది. షాపులో నేనైతే ముందు చూసేది ఈ బెజ్జాలూ, వెనక బరువూ. రంగు, మూత తర్వాత సంగతి.

అమెరికాలో ఉన్న అబ్బాయి చేత పాత టర్న్‌టేబుల్ తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు తగ్గుతాయి గానీ హెర్ట్జ్ మారదు. పాత బెల్టు మెషిన్లలో చాలావాటి మోటారు ఆ హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సింది 28 దగ్గర ఆగిపోతుంది. ఘంటసాల గొంతు నిద్రమత్తులో పాడినట్టు వినిపిస్తుంది. డీసీ అడాప్టర్‌తో నడిచేవాటికి ఈ బాధ లేదు. తెప్పించే ముందే మెషిన్ వెనక అంటించిన చీటీ ఫొటో తీసి పంపమనండి.

ఇక శబ్దం సంగతి. కాట్రిడ్జ్ ఇచ్చేది 4, 5 మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. ఆ రెంటినీ తిరిగి సరిచేసేదే ఫోనో ప్రీ-యాంప్. చాలా ఎంట్రీ మెషిన్లలో అది లోపలే ఉంటుంది, వెనక స్విచ్ కూడా ఉంటుంది. మీ యాంప్లిఫయర్‌లో ఫోనో సాకెట్ ఉంటే ఈ స్విచ్‌ని ఫోనో వైపు పెట్టండి. రెండు ప్రీ-యాంపులూ ఒకదాని మీద ఒకటి పనిచేస్తే చెవులు చిల్లులు పడే గోల తప్ప పాట వినిపించదు.

ఇప్పుడు ముల్లు. ఎల్‌పీ రికార్డు బయటి అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు ముల్లు కింద నుంచి జారిపోతుంది. మధ్య లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరకి పడిపోతుంది. అంటే అదే పాట సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. మొన గుండ్రంగా ఉన్న ముల్లు ఆ సన్నని వంపుల్లోకి దిగలేదు. అందుకే చివరి పాటలో ‘స’ పలికినప్పుడల్లా ‘ష్ష్’మని చీలుతుంది. చాలామంది దీన్ని రికార్డు అరుగుదల అనుకుంటారు. చాలాసార్లు తప్పు ముల్లుదే.

ఎల్‌పీ120ఎక్స్‌తో వచ్చే వీఎం95ఈ కాట్రిడ్జ్ ముల్లు మొన కోలగా ఉంటుంది. అదే కాట్రిడ్జ్‌లోంచి ముల్లును ముందుకు లాగి తీసేసి, మైక్రోలీనియర్ అనే ఇంకా సన్నని మొన ఉన్న వీఎం95ఎంఎల్ ముల్లు దూర్చొచ్చు. కాట్రిడ్జ్ మొత్తం కొనక్కర్లేదు, స్క్రూ విప్పక్కర్లేదు. కంపెనీ లెక్క ప్రకారం కోల మొన 300 గంటలు, మైక్రోలీనియర్ 1,000 గంటలు నడుస్తుంది. ధర చూసి గుండె జారినప్పుడు ఈ గంటల లెక్క కూడా వేసుకోండి. ఆర్టోఫాన్ కంపెనీ 2ఎం రెడ్ కాట్రిడ్జ్ ఉన్నవాళ్లూ ఇలాగే 2ఎం బ్లూ ముల్లు పెట్టుకోవచ్చు.

కాట్రిడ్జ్ కంపెనీయే మార్చాలనుకుంటే మాత్రం హెడ్‌షెల్ విప్పాల్సిందే. ముల్లుకు తొడుగు పెట్టి మొదలుపెట్టండి. వైర్లు నాలుగు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. నేను మొదటిసారి ఎరుపు, ఆకుపచ్చ తారుమారు చేశాను. పాట వస్తూనే ఉంది, వీణ ఉంది, తబలా ఉంది, మధ్యలో పాడే మనిషి మాత్రం ఎక్కడికో పోయినట్టుంది. రెండు రోజులు రికార్డునే తిట్టాను.

బిగించాక బరువు. యాంటీ స్కేట్ (ఆర్మ్ రికార్డు మధ్యకి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటు) సున్నాలో పెట్టి, ముల్లు తొడుగు తీసి, వెనక బరువు తిప్పుతూ ఆర్మ్ పైకీ కిందకీ పోకుండా తేలేలా చేయండి. అప్పుడు అంకెలున్న రింగును మాత్రమే సున్నాకు తిప్పండి, బరువు కదలకూడదు. ఆ తర్వాత బరువునూ రింగునూ కలిపి కంపెనీ చెప్పిన అంకె దాకా తిప్పండి. వీఎం95కి అది 2 గ్రాములు. యాంటీ స్కేట్ కూడా అదే అంకెకు పెట్టండి. రికార్డుకు మేలని బరువు మరీ తగ్గించేవాళ్లుంటారు. తేలికైన ముల్లు గాడిలో నిలవక ఎగిరెగిరి పడుతుంది, గోడల్ని ఇంకా ఎక్కువ చెక్కుతుంది. చివరగా కాట్రిడ్జ్ సరిగ్గా కూర్చుందో లేదో చూసే ప్రొట్రాక్టర్ కాగితం మీద ముల్లు మొన చుక్క మీద వాలాలి, కాట్రిడ్జ్ పక్కలు గీతలకు సమాంతరంగా ఉండాలి. దీనికి అరగంట పట్టినా పట్టనివ్వండి.

ఈ వారం అభ్యాసం: ఒక ఎల్‌పీలో ఒకే వైపు మొదటి పాటా చివరి పాటా వెంటవెంటనే వినండి. ‘స’, ‘శ’ ఎక్కడ చీలుతున్నాయో కాగితం మీద రాయండి. ముల్లు మార్చాక అవే చోట్లు మళ్లీ వినాలి కాబట్టి ఆ కాగితం పారేయకండి.

లక్కతో చేసిన 78 రికార్డుల మీద మాత్రం ఈ ముల్లు వాల్చొద్దు. వాటి గాడి చాలా వెడల్పు, వాటి ముల్లే వేరు. వచ్చే పాఠం దాని గురించే.