కొండవాలులో ఇల్లు: పట్టా చిక్కుల నుంచి గోడ బీటల దాకా

దక్షిణ ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, జయపురం లాంటి ఊళ్లలో బజారుకు దగ్గరగా చదును స్థలం దొరకడం కష్టం. దొరికినా ధర అందదు. అందుకే ఆంధ్రాలోని పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనవాళ్లు ఊరి మధ్య కొండవాలు వీధుల్లో కొంటున్నారు. బజారుకు నడిచి వెళ్లొచ్చు, పొద్దున్నే చల్లగాలి, కిటికీ తీస్తే ఎదురుగా కొండ. కొనాలనిపించడం సహజమే. అయితే ఇక్కడ వచ్చే ఇబ్బందులు చాలావరకు రెండు చోట్ల నుంచే వస్తాయి. ఒకటి స్థలానికి పైనున్న నేల, రెండోది అమ్మేవాడికి ముందున్న యజమాని. స్థలం చూడడానికి వెళ్లినప్పుడు ఈ రెండూ ఎవరూ వాళ్లంతట వాళ్లు చూపించరు.

అడ్వాన్సు ఇచ్చేశాం, ఇప్పుడు రిజిస్ట్రేషన్ అవదంటున్నారు

కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా అయిదో షెడ్యూలు ప్రాంతాలు, అంటే రాజ్యాంగం గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతాలు. ఇక్కడ గిరిజనుల స్థిరాస్తి బదిలీపై 1956 నాటి రెగ్యులేషన్ ఉంది. మొదట్లో అధికారి రాతపూర్వక అనుమతి ఉంటే గిరిజనేతరులకు అమ్మే వీలుండేది. 2002లో అమలుకొచ్చిన సవరణతో ఆ దారి కూడా మూసుకుపోయింది. ఈ చట్టం ఊరికే రాలేదు. అప్పు కింద, తాకట్టు కింద కొండ జనం భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోతుంటే ఆపడానికి వచ్చింది. దాన్ని దాటే ఉపాయాలు వెతకడం తప్పు, డబ్బుకూ ప్రమాదం. ఇంట్లో పనిచేసే గిరిజనుడి పేరున కొని మనం ఉందామనుకుంటే ఆ స్థలం మీద మనకు ఏ హక్కూ ఉండదు.

మనవాళ్లు ఇక్కడే తికమక పడుతుంటారు. ఆంధ్రా ఏజెన్సీలో 1/70 అనే భూబదిలీ చట్టం ప్రకారం గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. ఒడిశా రెగ్యులేషన్ గిరిజనుల భూమికే వర్తిస్తుంది కాబట్టి గిరిజనేతరుల మధ్య అమ్మకం చెల్లుతుంది. ఎస్సీ యజమాని దగ్గర మరో కులం వాళ్లు కొనాలంటే మాత్రం ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి అనుమతి ముందే తీసుకోవాలి.

ఏం చేయాలి? ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా నంబరుతో ఆర్ఓఆర్ (హక్కుల పత్రం, అంటే పట్టా) తీయండి. అది ఒడియా లిపిలో ఉంటుంది. ఒడియా గడగడా మాట్లాడి చదవడం రానివాళ్లు మనలో చాలామంది. చదివేవాళ్లను పక్కన పెట్టుకుని మొదటి పేజీలో యజమాని పేరు, తండ్రి పేరు, జాతి, నివాసం ఉన్న చోట వేలు పెట్టి చదివించుకోండి. కంధ, సౌరా, పరజా, గదబా లాంటి గిరిజన తెగ పేరు కనిపిస్తే ఆ బేరం అక్కడితో వదిలేయాలి. ఇప్పటి యజమాని గిరిజనుడు కాకపోయినా ఊరుకోకూడదు. పాత ఖతియాన్ (పాత సర్వే నాటి హక్కుల పత్రం) నకలు, పాత దస్తావేజులు తీయించి 1956 తర్వాత ఎప్పుడైనా గిరిజనుల చేతి నుంచి మారిందేమో చూడాలి. మారి ఉంటే అప్పటి అనుమతి ఉత్తర్వు కాపీ అడగాలి. "పాత సంగతి, ఇప్పుడెవరు అడుగుతారు" అనే జవాబు వస్తే వెనక్కి వచ్చేయండి. అడిగేవాళ్లు ఉన్నారు. అలాంటి బదిలీని రద్దుచేసి భూమిని అసలు వారసులకు తిరిగి ఇప్పించే అధికారం ఆ రెగ్యులేషన్‌లోనే ఉంది.

పట్టా సరిగ్గానే ఉంది, బ్యాంకు లోన్ ఇవ్వనంటోంది

ఆర్ఓఆర్‌లో కిసమ్ (నేల రకం) గడి చూడండి. ఇల్లు కట్టుకోవాలంటే అక్కడ ఘరబారి (ఇంటి స్థలం) అని ఉండాలి. కొండవాలులో తరచుగా డంగర్ (కొండనేల) అనో పతిత్ (బీడు) అనో ఉంటుంది. అది సాగుభూమి లెక్క అయితే భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద తహసిల్దార్‌కు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి మార్పించుకోవచ్చు. ఆ మార్పు అమ్మేవాడి చేతే, రిజిస్ట్రేషన్‌కు ముందే చేయించండి. కొన్నాక అయితే ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ మనదే. జంగల్ (అడవి) అని ఉంటే మాత్రం ఆశ వదులుకోండి, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. గోచర్ (పశువుల మేత నేల), రఖిత్ (ప్రత్యేకించి ఉంచిన నేల) అంటే అది ప్రభుత్వ భూమి.

కొన్ని వీధుల్లో "పట్టా లాంటిదే" అని చెప్పి భూమి హక్కు పత్రం చూపిస్తారు. అది 2017లో ఒడిశా తెచ్చిన చట్టం కింద పట్టణ మురికివాడల్లో ఉన్న కుటుంబాలకు ఇచ్చిన పత్రం. వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి లేదు.

మేం కొలిస్తే స్థలం సరిపోయింది, అమీన్ (సర్వేయరు) కొలిస్తే తగ్గింది

ఇద్దరూ సరిగ్గానే కొలిచి ఉండొచ్చు. టేపు వాలు వెంట పరిచి కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. పట్టాలో ఉండేది పైనుంచి చూసినట్టుగా వేసిన చదును కొలత. 30 డిగ్రీల వాలులో టేపు 100 అడుగులు చూపితే, మ్యాపులో అది 87 అడుగులకు మించదు. కాబట్టి ముక్కలు ముక్కలుగా, టేపును అడ్డంగా బిగించి పట్టుకుని, చివర తూకం గుండు వేలాడదీసి కొలవాలి. గుంటల్లో బేరం అసలు వద్దు. తెలంగాణ, మహారాష్ట్రల్లో ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో 25. డిసిమల్‌లో మాట్లాడండి. డిసిమల్ అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు.

రిటైనింగ్ వాల్ మధ్యలో ఉబ్బింది

కొండవాలు ఇళ్లలో అసలు భయపడాల్సింది దీనికే. గోడ బలం తక్కువై ఉబ్బిందనుకుని చాలామంది బయట ఇంకో వరస రాయి కట్టిస్తారు. దానివల్ల పరిస్థితి ఇంకా ముదురుతుంది. గోడను తోసేది మట్టి ఒక్కటే కాదు, దాని వెనక నిలిచిన నీరు కూడా. నీరు మీటరు లోతున నిలిస్తే అడుగున చదరపు మీటరుకు దాదాపు టన్ను ఒత్తిడి పడుతుంది. మూడు మీటర్లయితే మూడు టన్నులు, అదీ మట్టి ఒత్తిడి కాకుండా. ఈ వైపు కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. అది శిథిలమై ఎర్రటి బంకమన్నుగా మారుతుంది. వేసవిలో గునపం దిగని ఆ నేలే శ్రావణంలో వేలితో నొక్కితే లోపలికి పోతుంది. కోరాపుట్ వైపు ఏటా దాదాపు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే.

ముందు గోడలో నీళ్లు పోయే గొట్టాలు ఉన్నాయో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఉంటాయి, కానీ రంగులు వేయించేటప్పుడు బాగా కనబడాలని మేస్త్రీ సిమెంటు పూసి మూసేస్తాడు. దగ్గరగా చూస్తే పూత కింద గుండ్రటి మచ్చలు వరసగా కనిపిస్తాయి. అవే ఆ గొట్టాల మూతులు. పండగకు ముందు సున్నం వేయించేటప్పుడు ఎవరో ఒకరు అక్కడే ఉండి, అవి మూయకుండా చూసుకోవాలి. గొట్టాలు తెరిచే ఉన్నాయా? అయితే గట్టి వాన పడ్డ మర్నాడు వాటిలోంచి ఏం వస్తుందో చూడండి. తేట నీళ్లు వస్తే గోడ తన పని తాను చేస్తోంది. బురద నీళ్లు వస్తే లోపలి మట్టి కొట్టుకుపోతోంది, అంటే వెనక కంకర పొర లేదు. ఏమీ రాకపోతే పూడుకుపోయాయి.

గొట్టాలు లేని గోడకు ఎండాకాలంలో, నేల పూర్తిగా ఆరాక, కింది వరస నుంచి మొదలుపెట్టి మీటరున్నరకు ఒకటి చొప్పున 3 అంగుళాల గొట్టాలు వేయించవచ్చు. బయటి వైపుకు కొంచెం వాలు ఉండాలి, లోపలి మూతికి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) చుట్టాలి. అంతకన్నా ముఖ్యమైన పని గోడ పైన ఉంది. కొండ మీదుగా వచ్చే వాన నీటిని గోడ దాకా రానివ్వకుండా పక్కకు మళ్లించే సిమెంటు కాలువ తవ్వించాలి. ఆ కాలువ గెడ్డలో కలవాలి గానీ పక్కింటివాళ్ల పెరట్లో కాదు. ఆ ఒక్క విషయం మీద విడిపోయిన ఇరుగుపొరుగులు ఈ వీధుల్లో ఉన్నారు. పై స్థలం వేరేవాళ్లదైతే వాళ్లతో మాట్లాడి ఖర్చు పంచుకోవడం మంచిది.

ఉబ్బు వారానికి వారం పెరుగుతుంటే, గోడ పైన నేలలో గోడకు సమాంతరంగా పగులు తెరుచుకుంటే ఇక మరమ్మతు గురించి ఆలోచించకండి. కింద గదిలో పడుకునేవాళ్లను ఆ రాత్రే వేరేచోటికి పంపించండి, తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. కొత్తగా కట్టేవాళ్లు కూడా 5 అడుగులు దాటిన ఏ గోడకైనా డిజైన్ గీయించుకోవాలి. అనుభవమున్న మేస్త్రీ అయినా సరే, ఆ లెక్క నోటితో చెప్పేది కాదు.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట

వాలును సగం తవ్వి, ఆ మట్టినే ముందుకు పోసి చదును చేసిన స్థలాల్లో ఇది వస్తుంది. ఇల్లు సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబడుతుంది. పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. బీట దాదాపు ఎప్పుడూ లోయ వైపు గదుల్లోనే ఉంటుంది.

పుట్టీ పెట్టి మూసే ముందు ఒక పని చేయండి. బీట మీద అడ్డంగా ఒక చిన్న గాజు పలకను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించి, పక్కన గోడ మీద తేదీ రాయండి. వానాకాలం దాటేలోపు గాజు పగిలితే ఇల్లు ఇంకా కదులుతోంది, పునాది కింద బలపరచాలి. పగలకపోతే అది పాత కుంగుడు, పూడ్చుకోవచ్చు. కొనబోయే ఇంట్లో ఇలాంటి బీట మీద తాజా రంగు కనిపిస్తే, రంగు ఎప్పుడు వేయించారో అడగండి. ఖాళీ స్థలమైతే లోయ వైపు మూలల్లో గోతులు తవ్వించి చూడండి. ప్లాస్టిక్ సంచులు, ఇటుక ముక్కలు బయటపడితే అది పోసిన మట్టి. పునాది దాన్ని దాటి అసలు నేల దాకా, మెట్లు మెట్లుగా దిగాలి.

కొండ వైపు గోడ ఏడాదంతా చెమ్మ

మట్టిని నేరుగా ఇంటి గోడకు ఆనించి నింపారు. లోపలి నుంచి ఎన్ని వాటర్‌ప్రూఫ్ రంగులు వేసినా ఊడిపోతాయి. గోడకూ కొండకూ మధ్య రెండు మూడు అడుగుల సందు తవ్వించి, అడుగున కాలువ పెట్టడమే మందు.

కుళాయి సన్నగా వస్తోంది, బావి నీళ్లు వాసన వస్తున్నాయి

ట్యాంకు మట్టం కన్నా 10 మీటర్లు కింద ఉన్న కుళాయికి చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి దొరుకుతుంది. మీ ఇల్లు దాదాపు ట్యాంకు ఎత్తులోనే ఉంటే ధార రాదు, ఎవరి మీద కోప్పడినా లాభం లేదు. గేటు దగ్గర, స్థలంలో అన్నిటికన్నా పల్లంలో సంపు కట్టించుకుని, అక్కడి నుంచి పైకి తోడుకోండి. మునిసిపల్ పైపుకే మోటారు బిగించడం నేరం. పైగా పైపు ఎక్కడైనా పగిలి ఉంటే కాలువ నీళ్లు కూడా లోపలికి లాక్కుంటుంది.

నూతి నీళ్ల వాసనకు కారణం మీ స్థలంలో ఉండకపోవచ్చు. పైఇంటి సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంత నీరు వాలు వెంట కిందికి వస్తుంది. కొనేముందు పైఇంటి గుంత ఎక్కడుందో చూడండి. నుయ్యి ఎగువన, మీ గుంత దిగువన, మధ్య కనీసం 60 అడుగులు ఉండాలి. పైఇంటివాళ్లది మార్చలేమంటే ఆ నీళ్లు స్నానానికే, తాగడానికి వద్దు.

ఇసుక లారీ పైకి రానంటోంది

మరీ నిటారుగా ఉన్న దారిలో లోడు లారీ ఎక్కదు, వానలో ఆటో కూడా జారుతుంది. ఇసుక, కంకర నెత్తిన మోయించాల్సి వస్తే ఇంటి ఖర్చు అంచనా మొత్తం మారిపోతుంది. అందుకే స్థలం ధరతో పాటు మోత కూలీ ముందే అడిగి తెలుసుకోండి. ఇంకోటి, మీరు నడిచి వచ్చిన దారి గ్రామ మ్యాపులో రస్తా అని ఉందా, లేక ఎవరిదైనా ప్లాటా అన్నది ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో చూసుకోవాలి. ఎవరిదైనా ప్లాటైతే దారి హక్కును దస్తావేజులో రాయించుకోకుండా మిగతా డబ్బు ఇవ్వకండి. ఆగస్టులో, వాన పడుతుండగా, ఒకసారి గ్యాస్ సిలిండర్ బండి వెనకే ఆ వీధి ఎక్కి చూస్తే బండి ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. అంబులెన్సు కూడా అక్కడే ఆగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ చోటుకు పైన స్థలం కొనకండి.