‘లెట్’ ఎలా వాడాలి? ముందు ఆ ‘టు’ తీసేయండి

హనుమకొండలో నయీంనగర్, సుబేదారి గల్లీల్లో ఎటు చూసినా టు-లెట్ బోర్డులే. అదే లెట్‌తో ఒక వాక్యం చెప్పమంటే మాత్రం ‘లెట్ మి టు గో’ అనేస్తారు. డిగ్రీ అయిపోయి ఇంటర్వ్యూలకు తిరిగే పిల్లల నోట ఇది వింటుంటే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఇది గంటలో పోయే తప్పు. ఒక నోట్‌బుక్, పెన్ను చాలు. యాప్‌లు వద్దు.

సులువైనవి ముందు కానిచ్చేద్దాం. లెట్ గతకాలంలోనూ లెట్టే, ‘లెటెడ్’ అనేది లేదు. ‘హి లెట్స్ మి డ్రైవ్’ అంటే నడపనిస్తాడు, ‘హి లెట్ మి డ్రైవ్’ అంటే నడపనిచ్చాడు. దాని వెనక మి, హిమ్, హర్, దెమ్ వస్తాయి. ఐ, హి, షి, దే రావు.

అసలు చిక్కంతా ‘టు’ దగ్గరే, ఇక్కడ తొందరపడకండి. ముందు తెలుగులో రాయండి: ‘నాన్న నన్ను బండి నడపనివ్వలేదు.’ ఇందులో ‘నడప’కు ‘ఇవ్వలేదు’ నేరుగా అతుక్కుంది, మధ్యలో ‘డానికి’ లేదు. లెట్ కూడా అంతే, మధ్యలో ‘టు’ను రానివ్వదు: ‘మై ఫాదర్ డిడ్ నాట్ లెట్ మి డ్రైవ్.’ ఇప్పుడు అదే మాట ‘నడపడానికి ఒప్పుకోలేదు’ అని రాయండి. ‘డానికి’ వచ్చింది కదా, అక్కడ అలౌ పెట్టి వెంట ‘టు’ పెట్టండి: ‘డిడ్ నాట్ అలౌ మి టు డ్రైవ్.’ రానియ్యలే, పోనియ్యి, తిననియ్యి అని మనం పొద్దస్తమానం అంటూనే ఉంటాం, అంటే సగం వ్యాకరణం మన నోట్లోనే ఉంది.

గైడ్లు ఏం చేస్తాయంటే లెట్, అలౌ, పర్మిట్ మూడింటినీ ఒకే గడిలో పెట్టి పక్కన ‘అనుమతించు’ అని రాసి వదిలేస్తాయి. అది బట్టీపట్టినవాడు ఒకదాని తోక ఇంకోదానికి తగిలించక ఏం చేస్తాడు? అందుకే పట్టికలు చదవొద్దంటాను. పర్మిట్‌ను ఆటోలకు, లారీలకు, ఆఫీసు కాగితాలకు వదిలేయండి, మాట్లాడేటప్పుడు దాని అవసరమే లేదు.

ఈ ‘టు’ దారిలోనే ఇంకో గుంట ఉంది. నిమిషం ఆలస్యమైందని పరీక్ష రాయనివ్వలేదనుకోండి, ‘దే డిడ్ నాట్ లెట్ మి రైట్ ది ఎగ్జామ్’ సరైనదే. ‘వాళ్ళు’ను తీసేసి ‘నేను’తో మొదలుపెట్టగానే ‘ఐ వాజ్ నాట్ లెట్ టు రైట్’ అంటారు, అది చెల్లదు. అక్కడ అలౌకు మారిపోవాలి: ‘ఐ వాజ్ నాట్ అలౌడ్ టు రైట్ ది ఎగ్జామ్.’ ఇన్, ఆఫ్, అవుట్ లాంటి చిన్న మాట తోడుంటే మాత్రం లెట్ నిలుస్తుంది: ‘ఐ వాజ్ లెట్ ఇన్’, లోపలికి రానిచ్చారు.

‘పని చేయించాడు’ను లెట్‌తో చెప్పేవాళ్ళూ ఉన్నారు, దయచేసి ఆపండి. చేయించాడు అంటే ‘మేడ్ మి వర్క్’, చేయనిచ్చాడు అంటే ‘లెట్ మి వర్క్’. ఒకదానిలో బలవంతం, ఇంకోదానిలో ఒప్పుకోలు. మేనేజర్ గురించి ఇంటర్వ్యూలో చెప్పేటప్పుడు ఇవి తారుమారైతే అర్థమే తిరగబడుతుంది.

ఇక లెట్స్, అంటే ‘లెట్ అస్’కు పొట్టి రూపం. ‘మనం పోదాం’ అయితే ‘లెట్స్ గో’. ‘మమ్మల్ని పోనివ్వండి’ అయితే ‘లెట్ అస్ గో’ అని విడదీసి పలకండి. ఇంగ్లిష్‌లో మనం, మేము రెండూ ‘వి’ కాబట్టి వాళ్ళకే ఇది తికమక, మనకు కాదు.

చివరగా, మన పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఒక అభ్యర్థన అచ్చయి ఉంటుంది, ‘అలౌ ది బేరర్ టు పాస్ ఫ్రీలీ వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అని. అలౌ వెంట ‘టు’ ఎలా వచ్చిందో చూశారా? ఆ లెట్ మాత్రం అనుమతి కాదు, అడ్డంకి. పాత ఇంగ్లిష్‌లో అది వేరే క్రియ, పలుకు కలిసిపోయిందంతే. రోజువారీ మాటల్లో అది ఎదురుపడదు, దానికి టెన్షన్ పడొద్దు.